వర్ణలక్షణాలు మూడు: తర్కసంగ్రహం, అమరకోశం, తెలుగు పరిభాష

"ఎరుపు" అన్న మాట తెలుగులో మందారపువ్వుకూ, కాల్చిన ఇటుకకూ, కపిలగోవుకూ, చలకనేలకూ సమానంగా వర్తిస్తున్నది. ఈ నాలుగింటి రంగూ ఒక్కటి కాదని కంటికి తెలుసు. అవి ఏ అంశంలో ఒక్కటి, ఏ అంశంలో వేరు అని ప్రశ్నించినప్పుడు మాత్రం సమాధానం చెప్పడానికి భాషలో స్థిరపడిన పరిభాష కనిపించదు. రంగు ఒక పేరుతో తీరే విషయం కాదనీ, అది మూడు స్వతంత్ర లక్షణాల సముదాయమనీ ఆధునిక విజ్ఞానం నిర్ధారించింది. సంస్కృత శాస్త్రగ్రంథాలలో ఈ మూడింటి ఎరుక విడివిడిగా ఉన్నది. ఒకచోట కూర్చిన వ్యవస్థ లేదు. ఈ రెండు విషయాలనూ సమానంగా అంగీకరించినప్పుడే తెలుగులో వర్ణపరిభాష నిర్మాణం సాధ్యమవుతుంది. అందుకు కావలసిన సాధనసంపత్తి ప్రాచ్యకళాశాలల పాఠ్యగ్రంథాలలోనే ఉన్నదని చూపడం ఈ వ్యాసోద్దేశం.

1. మూడు లక్షణాల స్వరూపం

ఒక ఉపరితలపు రంగును సందేహానికి తావులేకుండా నిర్దేశించడానికి మూడు ప్రశ్నలకు సమాధానం కావాలి. అది ఎరుపా, పసుపా, ఆకుపచ్చా, నీలమా అన్నది మొదటి ప్రశ్న. తెలుపు నలుపుల మధ్య అది ఎంత వెలుగులో ఉన్నది అన్నది రెండవది. అంతే వెలుగు గల బూడిదరంగు నుంచి అది ఎంత దూరం తొలగి నిలిచినది, అనగా ఎంత చిక్కగా ఉన్నది అన్నది మూడవది. ఈ మూడింటిలో ఒకటి మారినా తక్కిన రెండూ మారకుండా ఉండవచ్చును. అందుచేతనే వీటిని స్వతంత్ర లక్షణాలంటారు.

1704లో ప్రకటితమైన "ఆప్టిక్స్" గ్రంథంలో న్యూటన్ రంగులను ఒక వృత్తంలో అమర్చాడు. వృత్తపరిధి మొదటి లక్షణాన్నీ, కేంద్రం నుంచి దూరం మూడవ లక్షణాన్నీ సూచించేవి. 1853లో గ్రాస్‌మన్ వర్ణమిశ్రణ నియమాలను గణితరూపంలో నిబంధించాడు. అమెరికాకు చెందిన చిత్రకారుడు, చిత్రకళాధ్యాపకుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ఈ మూడు లక్షణాలకూ హ్యూ, వాల్యూ, క్రోమా అన్న పేర్లు పెట్టి సంఖ్యలతో గుర్తించే పద్ధతిని వెలువరించాడు. ఆ పద్ధతిలో వాల్యూ నలుపుకు 0, తెలుపుకు 10; క్రోమా బూడిదరంగు వద్ద 0తో మొదలై పెరుగుతూ పోతుంది, దానికి ముందే విధించిన పైహద్దు లేదు.

లక్షణాలు మూడే కావడానికి కారణం నేత్రనిర్మాణంలో ఉన్నది. మానవనేత్రపు తెరలో రంగును గ్రహించే శంకుకణాలు మూడు జాతులు. కంటికి చేరిన కాంతి ఎంత సంకీర్ణమైనదైనా మెదడుకు అందేది ఈ మూడు జాతుల స్పందన మాత్రమే. అందుచేతనే విద్యుద్దీపం కింద ఒకే రంగుగా కనిపించిన రెండు వస్త్రాలు ఎండలో వేరుగా కనిపించవచ్చును. దుకాణంలో చీరను వెలుపలికి తెచ్చి పగటివెలుగులో పరిశీలించే గృహిణి ఈ సూత్రాన్నే ఆచరిస్తున్నది.

2. ధర్మసాగర్ నేల, ధర్మసాగర్ నీరు

ఈ విచారం ప్రయోగశాలకు పరిమితమైనది కాదు. హనుమకొండకు సమీపంలోని ధర్మసాగర్ పరిసరాలను తీసుకొని పరిశీలించవచ్చును. వరంగల్లు ప్రాంతంలో ఎర్రచలకలు, నల్లరేగడులు రెండూ ఉన్నాయి. ఏ పంట ఎక్కడ వేయాలో రైతు నిర్ణయించుకునే ఆధారాలలో నేలరంగు ఒకటి. నేలల సర్వేక్షణ చేసే శాస్త్రజ్ఞులు కూడా రంగునే మొదట నమోదు చేస్తారు. అయితే వారు మన్సెల్ పటం ప్రకారం మూడు లక్షణాలనూ రాస్తారు. 5వైఆర్ 4/6 అన్న గుర్తు పసుపు కలిసిన ఎర్రమట్టిని తెలుపుతుంది: వన్నె ఎరుపు పసుపుల నడుమ, వెలుగు 4, చిక్కదనం 6. 10వైఆర్ 3/1 అన్నది నల్లరేగడి వంటి మట్టికి తగిన గుర్తు: వెలుగు 3, చిక్కదనం 1. చలకకూ రేగడికీ భేదం ఎరుపు నలుపులు అన్న రెండు పేర్ల భేదంగా తోస్తుంది. సంఖ్యలు పరిశీలిస్తే ముఖ్యమైన భేదం చిక్కదనంలో ఉన్నదని తేలుతుంది.

అదే చలక వాన పడినప్పుడు ముదురురంగుకు తిరుగుతుంది. వన్నె దాదాపు మారదు, వెలుగు తగ్గుతుంది. అందుకే సర్వేక్షకులు పొడిమట్టి రంగునూ తడిమట్టి రంగునూ వేరువేరుగా నమోదు చేస్తారు. తెలుగులో ఈ మార్పునకు "ముదిరింది" అన్న మాట ఉన్నది. ఇదే మాట రంగుబానలో మరొకసారి ముంచిన నూలుకు కూడా వాడతారు. ఆ రెండు మార్పులూ ఒక్కటి కావు. ఈ అంశం మళ్ళీ పరిశీలనకు వస్తుంది.

నేలతోపాటు నీటిని కూడా చూడాలి. ధర్మసాగర్ చెరువు వరంగల్లు నగరపు తాగునీటి ఆధారాలలో ఒకటి. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరీజలం దీనికి చేరుతున్నది. చెరువులో నీలంగానో, ఆకుపచ్చగానో, కొత్తనీరు వచ్చినప్పుడు మట్టిరంగుగానో కనిపించే నీరు దోసిట పట్టితే ఏ రంగూ లేనట్టు ఉంటుంది. తర్కశాస్త్రం నీటికి శుక్లరూపమే ఉన్నదని చెప్పి, యమునాజలపు నీలిమకు ఆశ్రయోపాధిని కారణంగా చూపింది. ఆ నీటినే పైకి ఎగజల్లితే తెల్లగా కనిపిస్తుందని విశ్వనాథ పంచాననుని ముక్తావళి ప్రత్యక్షప్రమాణం ఇచ్చింది. పరిశీలనతో సిద్ధాంతాన్ని సమర్థించిన ఆ పద్ధతి ప్రశంసనీయం. అయినప్పటికీ శుద్ధజలం ఎరుపు కాంతిని స్వల్పంగా గ్రసిస్తుందనీ, అందువల్ల లోతైన నీటికి సహజంగానే లేతనీలం ఉంటుందనీ నేటి విజ్ఞానం తేల్చింది. ఎగజల్లిన నీటిబిందువులు తెల్లగా కనిపించడానికి కాంతివిక్షేపం కారణం. పద్ధతిని గౌరవిస్తూనే ఫలితాన్ని సవరించుకోవలసిన సందర్భం ఇది.

3. తర్కసంగ్రహంలో రూపనిరూపణ

ఆంధ్రుడని పండితలోకం చెప్పుకునే అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం ప్రాచ్యవిద్యార్థికి తొలి శాస్త్రపాఠం. అందులో రూపం చక్షుస్సుచేత మాత్రమే గ్రహింపదగిన గుణంగా నిర్వచింపబడింది. పదకృత్యం సుప్రసిద్ధం. సంఖ్యాపరిమాణాదులు చక్షుస్సుకూ త్వగింద్రియానికీ కూడా గోచరిస్తాయి కనుక వాటిని తొలగించడానికి మాత్రపదం. రూపత్వజాతి చక్షుర్మాత్రగ్రాహ్యమే అయినా గుణం కాదు కనుక దానిని తొలగించడానికి గుణపదం. రంగును ద్రవ్యం నుంచి వేరుచేసి, ఒక్క ఇంద్రియానికే విషయమైన ధర్మంగా నిలిపిన ఈ నిర్వచనం ఎంతో సునిశితమైనది.

రూపభేదాలు ఏడు: శుక్ల, నీల, పీత, రక్త, హరిత, కపిశ, చిత్రాలు. ఈ ఏడింటికీ ఇంద్రధనుస్సులోని ఏడు రంగులకూ, సూర్యుని ఏడు గుర్రాలకూ ముడిపెట్టే వ్యాఖ్యానాలు సభలలో తరచుగా వినిపిస్తాయి. ఆ ముడి నిలవదు. ఇంద్రధనుస్సులో శుక్లం లేదు, కపిశం లేదు, చిత్రం అసలే లేదు. న్యూటన్ సైతం ఏడు సంఖ్యను సంగీతస్వరాల పోలికతో ఎంచుకున్నాడు. వర్ణపటంలో రంగుకూ రంగుకూ నడుమ గీతలేమీ లేవు.

అన్నంభట్టు జాబితాను మూడు లక్షణాల దృష్టితో విశ్లేషిస్తే దాని నిజస్వరూపం బయటపడుతుంది. పీత, రక్త, హరితాలు వన్నెనుబట్టి ఏర్పడిన విభాగాలు. శుక్లానికి వన్నె లేదు. అది వెలుగు పరాకాష్ఠ. నీలపదం నీలివన్నెనూ నలుపునూ కలుపుకొని పోతుంది. కనుక అందులో వన్నె, వెలుగు రెండూ కలిసి ఉన్నాయి. కపిశం ప్రత్యేకమైన వన్నె కాదు. నారింజవన్నెకు వెలుగూ చిక్కదనమూ తగ్గితే కలిగే గోధుమఛాయ అది. చిత్రం ఈ మూడింటికీ చెందదు. ఒకే అవయవిలో పలురంగులు ఎట్లా అమరి ఉన్నాయన్న ప్రశ్న నుంచి పుట్టిన భేదం అది. నవ్యనైయాయికులలో ఒక పక్షం చిత్రరూపాన్ని అంగీకరించకపోవడానికి ఇదే మూలం. పలురంగులు అవ్యాప్యవృత్తులుగా ఉండవచ్చునంటే ప్రత్యేకమైన చిత్రరూపం అక్కరలేదు.

దీనివల్ల తర్కశాస్త్రానికి లోటేమీ రాదు. నైయాయికుల లక్ష్యం రంగులను కొలవడం కాదు. గుణానికీ ద్రవ్యానికీ గల సంబంధాన్ని నిర్ణయించడం. పాకజరూప విచారం ఆ దిశలో సాగింది. నల్లని పచ్చికుండ ఆవంలో ఎర్రబడినప్పుడు మార్పు పరమాణువులలోనా, కుండ మొత్తంలోనా అన్న ప్రశ్నకు వైశేషికులు పీలుపాకాన్ని, నైయాయికులు పిఠరపాకాన్ని సమాధానంగా చెప్పారు. అదే మట్టి గాలి బాగా ఆడే ఆవంలో ఎర్రగానూ, పొగ కమ్మి గాలి చొరని ఆవంలో నల్లగానూ కాలుతుందని కుమ్మరికి తెలుసు. మట్టిలోని ఇనుము ప్రాణవాయువుతో కూడే తీరూ, పొగలోని మసి పట్టే తీరూ ఆ భేదానికి కారణాలని నేటి రసాయనశాస్త్రం చెబుతున్నది.

4. రెండు తొందరపాటు సమీకరణాలు

తేజస్సుకు భాస్వరశుక్లం, జలానికి అభాస్వరశుక్లం అని శాస్త్రం విభజించింది. దీనిని చూచి భాస్వరత్వమే మన్సెల్ చెప్పిన వాల్యూ అని సమీకరించడం సరికాదు. భాస్వరరూపం ఇతరవస్తువులను ప్రకాశింపజేసేది. దీపానికి, సూర్యునికి చెందినది. వాల్యూ ఉపరితలానికి చెందినది. బొగ్గుకూ సున్నానికీ గల భేదాన్ని తెలిపేది. భాస్వరాభాస్వర విభాగానికి నేటి విజ్ఞానంలో దగ్గరగా వచ్చేది స్వయంప్రకాశవస్తువుల రంగుకూ పరప్రకాశితవస్తువుల రంగుకూ మధ్యగల విభాగం.

ఉద్భూతానుద్భూత విభాగాన్ని క్రోమాతో సమీకరించడం మరొక పొరపాటు. వేడినీటిలోని తేజస్సుకు రూపం అనుద్భూతం, స్పర్శ ఉద్భూతం అంటారు. ఇక్కడ అనుద్భూతమంటే ప్రత్యక్షయోగ్యం కానిది. చిక్కదనం లేని బూడిదరంగు ప్రత్యక్షానికి పూర్తిగా యోగ్యమే. పదాలలోని పోలికను చూచి పదార్థాలను ఏకం చేస్తే శాస్త్రానికీ న్యాయం జరగదు, విజ్ఞానానికీ న్యాయం జరగదు.

5. అమరసింహుని సూక్ష్మదృష్టి

వర్ణలక్షణాల వివేకం తర్కగ్రంథాలలో కన్న నిఘంటువులో ఎక్కువగా కనిపించడం గమనించదగినది. అమరకోశంలోని ధీవర్గం ఎరుపును ఒక్కపేరుతో వదిలిపెట్టలేదు. లోహిత, రోహిత, రక్తపదాలు సామాన్యవాచకాలు. ఎర్రతామరకాంతి గలది శోణం. రాగం వ్యక్తం కానిది అరుణం. తెలుపు కలిసిన ఎరుపు పాటలం. నలుపు కలిసిన ఎరుపు ధూమ్రం.

ఈ విభాగం వెనుక ఉన్న ఆలోచన ప్రశంసనీయమైనది. వన్నె ఎరుపుగానే నిలిచి ఉండగా తెలుపు చేరితే ఏమవుతుంది, నలుపు చేరితే ఏమవుతుంది, రాగమే మందగిస్తే ఏమవుతుంది అన్న మూడు మార్గాలు ఇందులో వేరుచేయబడ్డాయి. తెలుపు, నలుపు చేరడం వెలుగును మార్చే క్రియ. రాగం అవ్యక్తం కావడం చిక్కదనానికి సంబంధించినది. పాండువర్ణం కొంచెంగా ఉన్నది ధూసరమని చెప్పడంలో కూడా ఈ తారతమ్యదృష్టి ఉన్నది. అయితే ఇది పేర్ల వివరణ. నీలానికీ, పీతానికీ, హరితానికీ ఇదే క్రమం అమరసింహుడు వర్తింపజేయలేదు. కనుక దీనిని వ్యవస్థ అనరాదు, వ్యవస్థకు బీజం అనవచ్చును.

నాట్యశాస్త్రపు ఆహార్యాభినయాధ్యాయంలో మరొక బీజం ఉన్నది. సిత, నీల, పీత, రక్తాలను స్వభావవర్ణాలుగా చెప్పి, వాటి మిశ్రణంవల్ల ఉపవర్ణాలు కలుగుతాయని భరతుడు వివరించాడు. సితరక్తాల కలయిక పద్మవర్ణం, పీతనీలాల కలయిక హరితం. అన్ని వర్ణాలలో నీలం బలవత్తరమనీ, అందుచేత నీలం ఒక పాలైతే తక్కినది నాలుగు పాళ్ళు కావాలనీ ఆయన విధించాడు. రంగుకు బలం అనే పరిమాణం ఉన్నదనీ, దానిని పాళ్ళలో కొలవవచ్చుననీ గ్రహించిన ప్రయోగశాస్త్రం ఇది.

అమరసింహుడు కృష్ణ, నీల, శ్యామ పదాలను పర్యాయాలుగా చెప్పగా భరతుడు శృంగారానికి శ్యామాన్ని, భయానకానికి కృష్ణాన్ని, బీభత్సానికి నీలాన్ని వేరుగా విధించాడు. ఈ మూడింటినీ "నలుపు" అని అనువదిస్తే రసవ్యవస్థ చెదురుతుంది. మూడింటినీ "నీలం" అన్నా అంతే. అనువాదకుడు ఏ శాస్త్రప్రస్థానంలో పదం వాడబడిందో ముందు నిర్ణయించుకోవాలి. కపిల, కపిశ, పింగళ, పిశంగ పదాలన్నిటికీ ఒకే తెలుగు వివరణ ఇచ్చే అలవాటువల్ల కూడా ఇటువంటి హానే జరుగుతున్నది.

6. తెలుగు పదసంపద, అందులోని చిక్కు

1969లో బెర్లిన్, కే అనే పండితులు పలుభాషల వర్ణపదాలను పరిశీలించి, మూడే మూలపదాలున్న భాషలలో అవి నలుపు, తెలుపు, ఎరుపులనీ, తరువాతి స్థానం ఆకుపచ్చకో పసుపుకో దక్కుతుందనీ ప్రతిపాదించారు. ఆ రెండింటినీ ఒక్క పదంలో ఇముడ్చుకున్న సాక్ష్యం తెలుగులో ఉన్నది. పచ్చగడ్డి, పచ్చలహారం అన్నప్పుడు ఆకుపచ్చ. పచ్చసొన, పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు. స్పష్టత కావలసిన చోట ఆకు, పసుపు, చిలుక అన్న విశేషణాలు ముందు చేరాయి. కనుక వన్నెను వేరుచేసే శక్తి తెలుగుకు సమాసరూపంలో ఉన్నది.

అసలు చిక్కు లేత, ముదురు అన్న జంటలో ఉన్నది. ఈ మాటలు మొక్క నుంచి వచ్చాయి. లేతాకు ముదిరేటప్పుడు వన్నె పసుపు నుంచి ఆకుపచ్చకు జరుగుతుంది, వెలుగు తగ్గుతుంది, చిక్కదనమూ మారుతుంది. మూడు లక్షణాలూ కలిసి మారే వస్తువు నుంచి తీసుకున్న ఉపమానం కావడంవల్ల ఆ మాట మూడింటినీ కలిపే చెబుతుంది. అద్దకంలోనూ ఇంతే. నీలిబానలో నూలును ముంచినకొద్దీ మొదట చిక్కదనం పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. ముంచగా ముంచగా నలుపుకు దగ్గరపడుతుంది. కలంకారీలో పటికపెట్టి చెరివేరుతో ఎరుపు తెప్పించే పనివానికి కూడా మందు పెరిగితే రెండు లక్షణాలూ జంటగా కదులుతాయి. కనుక అద్దకపువారికి ముదురు, లేత అన్న జంట చాలింది.

చిత్రకారుని పని వేరు. చేర్యాల నకాషీ చిత్రకారుడు ఎరుపులో తెలుపు కలిపితే వెలుగు పెరిగి చిక్కదనం తగ్గుతుంది. దీపపుమసి కలిపితే రెండూ తగ్గుతాయి. మసి కలిసిన ఎరుపూ ముదురే, ఏమీ కలపని దట్టమైన ఎరుపూ ముదురే అంటే శిష్యునికి ఏది అర్థం కావాలి? గురువు పక్కన ఉన్నంతకాలం చూపి చెప్పవచ్చును. పనిని గ్రంథస్థం చేయవలసి వచ్చినప్పుడు మాట తడబడుతుంది. 2018లో భౌగోళికసూచిక పొందిన వరంగల్లు జంపకానాల రంగులకైనా, సహజవర్ణాల అద్దకానికైనా రేపటి తరం ఆధారపడవలసినది ఈ గ్రంథస్థమైన మాటపైనే.

7. ప్రతిపాదన, ఆక్షేపసమాధానాలు

ఈ పరిస్థితిలో మొదటి లక్షణానికి వన్నె, రెండవదానికి వెలుగు, మూడవదానికి చిక్కదనం అన్న తెలుగుమాటలు స్థిరపరచుకోవడం యుక్తం. సంస్కృతసమాసాలు కావలసిన చోట వర్ణం, ద్యుతి, రాగం అన్నవి వాడవచ్చును. రాగపదానికి అమరసింహుని అవ్యక్తరాగప్రయోగమే ప్రమాణం. ముదురు, లేత అన్న మాటలను వదలనక్కరలేదు. "వెలుగు తగ్గిన ఎరుపు", "చిక్కని ఎరుపు" అని విడదీసి చెప్పవలసిన శాస్త్రసందర్భంలో వాటిపై ఆధారపడకుండా ఉంటే చాలును.

దీనికి రెండు ఆక్షేపాలు రావచ్చును. పదహారువన్నె బంగారం అన్నప్పుడు వన్నె మేలిమిని తెలుపుతుంది కదా అన్నది ఒకటి. కంసాలి ఒరిపిడిరాతిపై చూచే వన్నె బంగారపు రంగులోని తారతమ్యమే. శాస్త్రంలో దానిని వన్నెకు సంకేతించడం అర్థసంకోచం మాత్రమే. గుణవృద్ధి శబ్దాలకు లోకంలో ఎన్ని అర్థాలున్నా పాణినీయంలో అవి కొన్ని అచ్చులకు సంజ్ఞలు. సంజ్ఞ చేసిన తరువాత సందేహం ఉండదు.

హ్యూ, వాల్యూ, క్రోమా అన్న పరభాషాపదాలనే ఉంచుకోరాదా అన్నది రెండవ ఆక్షేపం. ఉంచుకోవడంలో దోషం లేదు. అయితే ఆ పదాలు ధీవర్గానికీ రూపనిరూపణానికీ తలుపు తెరవవు. ఆ పదాలతో చదువుకున్న విద్యార్థి అరుణపాటలాల భేదాన్ని పాతకాలపు పర్యాయపదాల పట్టికగా భావిస్తాడు. రూపప్రకరణం మాత్రమే చదువుకున్న విద్యార్థి మన్సెల్ పటాన్ని అన్యశాస్త్రంగా భావిస్తాడు. ఒకే విషయంపై రెండు చదువులు పరస్పరం తెలియకుండా సాగడం ప్రాచ్యవిద్యకు కలుగుతున్న అసలైన నష్టం.

అందుచేత రూపప్రకరణం బోధించేటప్పుడు అధ్యాపకుడు ఒక వర్ణపటాన్ని దగ్గర ఉంచుకోవడం, ధీవర్గంలోని ప్రతి వర్ణపదాన్నీ మూడు లక్షణాలతో వివరించే ప్రయత్నం చేయడం అవసరం. పరిశోధనకు కూడా ఇందులో విస్తారమైన క్షేత్రం ఉన్నది. ధర్మసాగర్ వంటి ఒక మండలాన్ని తీసుకొని, రైతులు, కుమ్మరులు, నేతపనివారు, పశుపాలకులు నేలకూ కుండకూ నూలుకూ పశువుకూ వాడే వర్ణపదాలను సేకరించాలి. ప్రతి పదానికీ వస్తువు నమూనా, అది పొడిగా ఉన్నదా తడిగా ఉన్నదా, ఎండలో చూచినదా నీడలో చూచినదా, దాని మూడు లక్షణాల సంఖ్యలు జతపరచాలి. నమూనా లేని వర్ణపదసేకరణ అర్థం లేని నిఘంటువు వంటిది.

ఇటువంటి పని పూర్తయితే కపిలగోవు రంగుకూ చలకనేల రంగుకూ గల భేదం తెలుగులో చెప్పడానికి వీలవుతుంది. రైతుకు తెలిసిన భేదం శాస్త్రగ్రంథంలో ప్రవేశిస్తుంది, అమరసింహుడు గుర్తించిన భేదం పాఠశాలలో బోధకు వస్తుంది. సంస్కృతమూ తెలుగూ రెండూ చదివి, పదకృత్యం నేర్చి, పర్యాయపదాల మధ్య భేదాన్ని వెదకడం అలవాటైన ప్రాచ్యకళాశాలల పండితులే ఈ పనికి అధికారులు.